రేడియో విమానము: ఒక అతుకుల చరిత్ర

పెండ్లిపందిటిలో వధూవరుల పేర్లు కత్తిరించి అతికించుటకును, వినాయకచవితి మండపమున గోపురము నిలుపుటకును, క్రొత్త టెలివిజనును పెట్టెలో కదలకుండ నదిమి పంపుటకును మనము వాడు తెల్లని థర్మాకోలు పలక, నేలమీద నిలిచిన మనుష్యుని బొటనవ్రేళ్ళ కదలికకు లోబడి ఆకాశమున చక్కర్లు కొట్టు విమానము కాగలదనుట మొదట వినినవారికి వింతగా తోచును. కాని నేడు కళాశాలల మైదానములలోను, ఊరి చివరి బీళ్ళలోను సాయంకాలవేళ ఆ దృశ్యము కానవచ్చుచునే యున్నది. అట్టి విమానము లేచుట యెంత సామాన్యమో కూలుటయు నంత సామాన్యము. కూలినదానిని ఏరి తెచ్చి, అతికి, మరునాడు మరల గాలిలోనికి వదలుట అంతకంటెను సామాన్యము. ఈ విద్య పూర్వగాథను తరచి చూచినకొలది నాకు దృఢపడిన అభిప్రాయ మొక్కటి కలదు: దీని అభివృద్ధికి ఎగురవేయ నేర్చినవారి ప్రతిభ ఎంత కారణమో, విరిగినదానిని సులభముగ అతుకు ఉపాయములు కనిపెట్టినవారి ప్రతిభయు నంత కారణము.

1871వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీన పారిస్ నగరమందలి ట్యూలరీ ఉద్యానవనమున, ఇరువదియొక్క యేండ్ల ఆల్ఫోన్స్ పెనో అను యువకుడు మెలిపెట్టిన రబ్బరు త్రాటి బలముచే మర తిరుగు చిన్న విమానమును పండితుల యెదుట వదలెను. అది 11 సెకండ్ల కాలము గాలిలో నిలిచి సుమారు 40 మీటర్లు ప్రయాణించెను. రెక్కకు వెనుక, తగిన వాలుగ తోకను అమర్చినచో విమానము తనంతట తానే సమతౌల్యమును నిలుపుకొనునని అతడు ఆనాడు నిరూపించిన సూత్రమే నేటికిని పిల్లల ఆటవిమానములకు ఆధారము. ఆ పెనో నమూనాననుసరించి బెండు, వెదురు, కాగితములతో చేసి, రబ్బరుతో తిరుగునట్లు అమర్చిన ఒక ఎగిరెడు బొమ్మను 1878లో అమెరికాలోని ఒక క్రైస్తవ మతగురువు తన కుమారులకు కానుకగా తెచ్చి యిచ్చెను. పెద్దవానికి పదునొకండేండ్లు, చిన్నవానికి ఏడేండ్లు. వారే విల్బర్ రైట్, ఆర్విల్ రైట్. పసివాండ్ర చేతులలో ఆ సున్నితమైన బొమ్మ ఎన్నో దినములు నిలువలేదు. విరిగిన పిమ్మట ఆ బాలురు దానిని చూచి మరియొకటి, అంతకంటె పెద్దది ఇంకొకటి తామే చేసికొనిరి. పరిమాణము రెట్టింపైనచో ఎనిమిది రెట్ల శక్తి కావలసియుండునని అప్పటికి ఎఱుగకపోవుటచే పెద్దవి సరిగా ఎగురలేదు. బొమ్మ విరుగకుండినచో ఆ పాఠము వారికి అంత త్వరలో దొరకియుండునా యని నాకు సందేహము.

ఎగిరిన బొమ్మను వెనుకకు పిలుచుటకు మాత్రము మరియొక అర్ధశతాబ్దికి పైగా వేచియుండవలసివచ్చెను. 1937లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమందలి కలమజూ పట్టణమున వాల్టర్ గుడ్, విలియం గుడ్ అను కవలసోదరులు 8 అడుగుల రెక్కలు గల ‘గఫ్’ అను విమానమును రేడియో తరంగములచే నడిపి దింపగలిగిరి. రేడియోచే నడుపబడిన తొలి ఆటవిమానములలో జయప్రదమైనదిగా దానిని చరిత్రకారులు గణింతురు. తరువాతి కాలమున అది వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థకు చేరెను.

ఆ తొలినాళ్ళ యంత్రసామగ్రిని కొంచెము దగ్గరగా చూడవలెను. నడుపువాని చేతిలో నున్నది ఒకే యొక మీట. దానిని నొక్కినపుడు విమానములోని విద్యుదయస్కాంతము ఒక చిన్న పండ్లచక్రమును ఒక మెట్టు వదలును. విమానగర్భమున పొడవునను మెలిపెట్టియుంచిన రబ్బరు త్రాడు ఆ మెట్టు మేరకు చుక్కానిని కుడికి త్రిప్పును. మీట విడిచినచో చుక్కాని నడిమికి వచ్చును. మరల నొక్కినచో ఎడమకు తిరుగును. కావున తాను కడపట త్రిప్పినది కుడికా, ఎడమకా యన్న సంగతి నడుపువాడు క్షణమైనను మరువరాదు; మరచినచో ఎడమకు మరలవలసిన విమానము కుడినున్న చెట్టును కౌగిలించుకొనును. రబ్బరు మెలి తీరిపోయినచో ఇక ఎంత నొక్కినను ఆలకించువారు లేరు.

విరిగినది అతుకుట ఆ దినములలో స్వల్పకార్యము కాదు. ఈక్వడారు అడవులనుండి వచ్చు బాల్సా కఱ్ఱను సన్నని బద్దలుగ చీల్చి, ఎముకలగూడు వంటి చట్రము నిలిపి, దానిపై పలుచని కాగితము కప్పి, ఆ కాగితము బిగియునట్లు వార్నీషు వంటి ద్రవమును పూతలు పూతలుగ పూసి, ఒక్క రెక్క ముగించునప్పటికి వారములు గడచిపోయెడివి. అట్టిది ఒక్క నిమిషమున చిన్నాభిన్నమైనపుడు, ఓపిక యున్నవాడే రెండవదానికి పూనుకొనెడివాడు. తక్కినవారు ఆ విద్యనే మానుకొనెడివారు. ఆ విమానములకు అమర్చిన, మెథనాలుతో నడచు చిన్న ఇంజనుల ఇంధనమున కందెనగా ఆముదము కలిపెడివారు. మన పాలమూరు, నల్లగొండ సీమల మెట్టచేలలో పండెడి ఆ గింజల నూనెవాసనయే దేశదేశముల ఆటవిమానముల మైదానములలో వ్యాపించియుండెడిది.

1950లలో ‘రీడు’ పద్ధతి వచ్చెను. హార్మోనియములో ఒక్కొక్క మెట్టుకు ఒక్కొక్క రేకు పలికినట్లు, విమానములోని ఉక్కురేకులలో ఒక్కొక్కటి ఒక్కొక్క స్వరమునకు కంపించి ఒక్కొక్క పనిని చేసెడిది. 1960లలో మీట ఎంత జరిపిన చుక్కాని అంతే కదలు నిష్పత్తి పద్ధతి స్థిరపడెను. అయినను ఒకే తరంగముపై ఇద్దరు ఒకేమారు మీట త్రిప్పినచో ఒకరి విమానము నేలపాలగుట తప్పెడిది కాదు. అందుచే మైదానమున ఒక పలక నిలిపి, తరంగమునకు ఒకటి చొప్పున బట్టల క్లిప్పులు తగిలించి, ఏ క్లిప్పు ఎవని చేతికి వచ్చినదో ఆ తరంగముపై వాడే ఎగురవేయవలెనను కట్టుబాటు చేసికొనిరి. 2005 ప్రాంతమున 2.4 గిగాహెర్ట్జ్ సాధనములు వచ్చి, ప్రతి విమానము తన యజమాని మాటనే గుర్తించి వినుట ఆరంభించిన పిమ్మటనే ఆ క్లిప్పులకు విశ్రాంతి కలిగెను.

ఇక ఫోము సంగతి. జర్మనీలోని బాస్ఫ్ కంపెనీ రసాయనజ్ఞుడు ఫ్రిట్జ్ స్టాస్ట్నీ 1949 ప్రాంతమున పాలిస్టైరీనును పేలాలవలె పొంగించు మార్గము కనుగొనెను. పెంటేను కలిసిన చిన్నపూసలను ఆవిరిలో పెట్టినచో అనేక రెట్లు ఉబ్బి ఒకదానినొకటి అంటుకొనును. అట్లు తయారైన పలకయే మన థర్మాకోలు; అందులో నూటికి 98 పాళ్ళు గాలియే. ఒక ఘనమీటరు బాల్సా సుమారు 160 కిలోలు తూగగా, అంతే థర్మాకోలు సుమారు 20 కిలోలు మాత్రమే తూగును. సామానులు భద్రపరచుటకు పుట్టిన ఈ పదార్థమును ఆటవిమానములవారు తమదిగ చేసికొని, విద్యుత్తుచే కాగిన నిక్రోము తీగతో వెన్నను కోసినట్లు రెక్కలను కోయనారంభించిరి. పిదప పాలీప్రొపిలీను ఫోము వచ్చెను. అది దెబ్బ తగిలినపుడు నలిగి, మరల తన రూపమును తాను పొందును. విద్యుత్తుతో ఎగురుట 1957 జూన్ 30న ఇంగ్లండులో కర్నల్ టాప్లిన్ విమానముతోనే రుజువైనను, బ్యాటరీల బరువుచే చిరకాలము వెనుకబడియుండెను. 2000 దాటిన పిమ్మట, పారవేసిన సీడీ డ్రైవులలోని మోటార్లను విప్పి, క్రొత్త రాగితీగ చుట్టి, బలమైన అయస్కాంతములు అమర్చి విమానములకు తగిలించిన అభిమానుల పట్టుదలయు, తేలికయైన లిథియం పాలిమర్ బ్యాటరీలును కలసి ఆ కొఱతను తీర్చినవి.

నేటి బాలుడు విమానము చేయు తీరు చూడుడు. రెండువైపుల కాగితమంటించిన 5 మిల్లీమీటర్ల ఫోముపలక తీసికొని, పైకాగితమును నడిమి ఫోమును కోసి అడుగుకాగితమును విడిచినచో ఆ కాగితమే మడతబందు అగును. తొమ్మిది గ్రాముల సర్వోమోటారునుండి చుక్కానికి సైకిలు చువ్వ కడ్డీగా అమరును. వాడి పారవేసిన కలము రీఫిలు దానికి గొట్టమగును. తుదకు రెక్కవెడల్పులో ముందునుండి నాలుగవ వంతుకును మూడవ వంతుకును నడుమ రెండు వ్రేళ్ళు ఆనించి యెత్తి, ముక్కు కొంచెము వంగునట్లు బ్యాటరీని ముందువెనుకలకు జరుపవలెను. తోక బరువైన విమానము ఒక్కసారియే ఎగురునని అనుభవజ్ఞులు చెప్పుదురు.

ఇంత చేసినను అది పడును. దూరముగ పోవునపుడు చెప్పినట్లు వినిన విమానము మనవైపు తిరిగి వచ్చునపుడు కుడియెడమలు తారుమారైనట్లు తోచును; నేర్చువాడు తడబడును; ముక్కు నేలను తాకును. వాలిన రెక్క ఏవైపున నున్నదో మీటను ఆవైపునకే త్రోయవలెనను చిట్కా పదిమార్లు పడినగాని చేతికి రాదు.

అప్పుడు చేయవలసిన పని చూడుడు. మొదట బ్యాటరీని విడదీసి దూరముగ నుంచవలెను. చిల్లిపడినను, ఉబ్బినను అది మంట పుట్టింపవచ్చును గనుక మరల వాడరాదు. పిమ్మట గడ్డిలో పడిన చిన్నముక్కలను సైతము ఏరవలెను, ఏలయన విరిగిన అంచులు ఒకదానిలో నొకటి సరిగ్గా ఇమిడి తమ పూర్వస్థానమును తామే చెప్పును. జిగురు లేకుండ ఒకమారు కూర్చి చూచి, తరువాత తక్కువ వేడిగల గ్లూగన్ జిగురు పూయవలెను. క్షణములో అంటుకొను సూపర్‌గ్లూ థర్మాకోలును తినివేయును. పుత్తూరు కట్టులో విరిగిన ఎముకకు వెదురుబద్దలు దాపుపెట్టినట్లు, అతుకునకు అడ్డముగ వెదురుపుల్లలు గుచ్చి, పైన టేపు చుట్టవలెను. జిగురు బరువెక్కించును గావున సమతౌల్యమును మరల వ్రేళ్ళపై తూచి చూడవలెను. ఒక్క సాయంకాలమున ముగియు ఈ చికిత్సలో బాలుడు నేర్చు భౌతికశాస్త్రము, మనోనిగ్రహము తరగతిగదిలో అంత సులభముగ అబ్బునవి కావు.

మన దేశమున ఎన్.సి.సి. వైమానిక విభాగము 1950లో ఏర్పడినది. దాని బాలసైనికులకు ఆటవిమానముల నిర్మాణము శిక్షణలో నొక భాగము. ఆ భాగ్యము ఆ దుస్తులు ధరించినవారికే పరిమితము కానక్కరలేదు. తలిదండ్రులకును, ఉపాధ్యాయులకును నా విన్నప మొక్కటే: విమానమును విరుగగొట్టుకొని వచ్చిన పిల్లవానిని మందలింపక, జిగురును, రెండు వెదురుపుల్లలను చేతికిచ్చి ప్రక్కన కూర్చుండుడు. 1903 డిసెంబరు 14న విల్బర్ రైట్ నడిపిన విమానము లేచిన మూడు నాలుగు సెకండ్లలోనే ఇసుకపై కూలి దెబ్బతినెను. సోదరులిరువురును దానిని బాగుచేసికొనిరి. డిసెంబరు 17న మనుష్యజాతిని ఆకాశమున కెక్కించినది అతుకు వేసిన ఆ విమానమే.