రైలుకు రెండు డీజిల్ లోకోలు: ఒకటి మొరాయిస్తే లోపాన్ని ఎలా పట్టుకుంటారు?

బరువైన గూడ్సు రైలును రెండు డీజిల్ లోకోలు లాగుతున్నాయి. ముందు లోకో క్యాబ్‌లో ఉన్నట్టుండి అలారం గంట మోగింది. ముందుది మామూలుగానే నడుస్తోంది. అంటే, వెనకదానికి ఏదో అయింది. లోకో పైలట్, అసిస్టెంట్ కొద్ది నిమిషాల్లోనే లోపం ఎక్కడుందో తేల్చాలి. ఆలస్యమైతే వెనక వచ్చే రైళ్లన్నీ ఆగిపోతాయి. తొందరపడి తప్పుగా తేలిస్తే ఇంజిన్ దెబ్బతింటుంది, ఒక్కోసారి మంటలూ అంటుకోవచ్చు.

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ ఇలాంటి పని తెలిసిన ఊరు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఉత్తరాంధ్ర జిల్లాల వాళ్లు అక్కడికి వలస వెళ్లారు. వర్క్‌షాపులో, లోకో షెడ్డులో, రన్నింగ్ సిబ్బందిలో పనిచేశారు. న్యూ సెటిల్‌మెంట్ లాంటి రైల్వే క్వార్టర్లలో స్థిరపడ్డారు. జంట లోకోలలో లోపాన్ని వెతికే పద్ధతి ఆ పనివాళ్ల చేతుల్లో పదునెక్కిన విద్య. దాని మూలసూత్రం చిన్నదే: ఒకే రకం ఇంజిన్లు రెండు కలిసి పనిచేస్తున్నప్పుడు, ఒకదానికి రెండోదే కొలబద్ద.

రెండు లోకోలను కలిపేది ఏమిటి?

దశాబ్దాల పాటు భారతీయ రైల్వేలకు వెన్నెముకగా నిలిచిన డబ్ల్యూడీఎం-2 లోకోను ఉదాహరణగా తీసుకుందాం. అమెరికాలోని ఆల్కో కంపెనీ నుంచి ఇవి మొదట 1962లో వచ్చాయి. 1964 నుంచి వారణాసిలో తయారయ్యాయి. ఇందులో 16 సిలిండర్ల డీజిల్ ఇంజిన్ ఉంటుంది. సామర్థ్యం 2,600 హార్స్‌పవర్. ఈ ఇంజిన్ చక్రాలను నేరుగా తిప్పదు. జనరేటర్‌ను తిప్పుతుంది. జనరేటర్ ఇచ్చే విద్యుత్తుతో ఆరు ట్రాక్షన్ మోటార్లు ఆరు ఇరుసులను తిప్పుతాయి.

రెండు లోకోలను జోడించినప్పుడు ఒకే లోకో పైలట్ ముందు క్యాబ్ నుంచి రెండింటినీ నడుపుతారు. ఆయన ఆదేశాలు 27 తీగలున్న జంపర్ కేబుల్ ద్వారా వెనక లోకోకు చేరతాయి. బ్రేకుల కోసం గాలి గొట్టాలూ కలిసి ఉంటాయి. డీజిల్ ట్యాంకు, లూబ్ ఆయిల్, చల్లబరిచే నీళ్లు మాత్రం దేనివి దానికే. ఆదేశం ఉమ్మడి, ఒళ్లు వేరు. లోపాన్ని వెతకడానికి ఈ విభజనే ఆధారం.

మొదటి ప్రశ్న: ఒకదానికా, రెండింటికా?

థ్రాటిల్ తిప్పినా రెండు లోకోలూ స్పందించకపోతే, రెండు ఇంజిన్లూ ఒకేసారి చెడిపోయాయని అనుకోనక్కర్లేదు. లోపం ఉమ్మడిగా ఉన్నచోట వెతకాలి. అంటే ముందు క్యాబ్‌లోని స్విచ్‌లు, సర్క్యూట్ బ్రేకర్లు.

వెనకది ఒక్కటే స్పందించకపోతే రెండు అవకాశాలున్నాయి. ఆదేశం అక్కడికి చేరకపోవచ్చు, లేదా చేరినా లోకో పనిచేయకపోవచ్చు. ఇది తేల్చడానికి రైలును ఆపి, వెనక లోకోను దాని సొంత క్యాబ్ నుంచే పనిచేయించి చూస్తారు. అక్కడ బాగా పనిచేస్తే అనుమానం జంపర్ కేబుల్ మీదికో ముందు లోకో మీదికో మళ్లుతుంది. అక్కడా పనిచేయకపోతే లోపం దాని ఒంట్లోనే ఉంది.

అలారం గంట రెండు లోకోల్లోనూ మోగుతుంది. హెచ్చరిక దీపం మాత్రం జబ్బుపడిన లోకోలోనే వెలుగుతుంది. కాబట్టి గంట విని ఊరుకోకుండా, వెనక్కి వెళ్లి దీపం చూడాల్సిందే.

ఇంజిన్ తనంతట తానే ఆగిపోతే?

నాలుగు విషయాలను వరుసగా చూస్తారు.

ఇంధనం: ట్యాంకులో డీజిల్ ఉందా, ఫ్యూయల్ పంపు మోటారు తిరుగుతోందా, గేజి ఒత్తిడి చూపిస్తోందా? ఒత్తిడి లేకపోతే పంపు బ్రేకరు, ఫిల్టర్లు, గొట్టాల్లోకి చేరిన గాలి అనుమానితులు.

లూబ్ ఆయిల్: ఒత్తిడి పడిపోతే గవర్నరు ఇంజిన్‌ను ఆపేస్తుంది. అప్పుడు వెంటనే మళ్లీ స్టార్ట్ చేయకూడదు. కొద్ది నిమిషాలాగి డిప్‌స్టిక్‌తో ఆయిల్ చూడాలి. పాలలా తెల్లబడితే నీళ్లు కలిశాయి. పలచబడి డీజిల్ వాసన వస్తే ఇంధనం కలిసింది. ఈ రెండింటిలో ఏది కనిపించినా లోకో షెడ్డుకు వెళ్లాల్సిందే.

నీళ్లు: మట్టం తగ్గితే ఫ్లోట్ స్విచ్ ఇంజిన్‌ను ఆపుతుంది. వేడి 85-90 డిగ్రీలకు చేరితే ‘హాట్ ఇంజిన్’ అలారం మోగుతుంది. అలాంటప్పుడు ఇంజిన్‌ను ఒక్కసారిగా ఆపడం తప్పు. లోడు తీసేసి తిరగనిస్తే నీళ్లు ప్రవహించి వేడి దిగుతుంది. కాగిన ఇంజిన్‌లో చన్నీళ్లు పోస్తే లోహం పగిలే ప్రమాదం ఉంది.

అతివేగం: ఇంజిన్ పూర్తి వేగం నిమిషానికి 1,000 చుట్లు. అది 1,100 దాటి పెరిగితే ఓవర్‌స్పీడ్ ట్రిప్ ఇంజిన్‌ను ఆపేస్తుంది. దాన్ని చేత్తో రీసెట్ చేయాలి. అయితే వేగం ఎందుకు పెరిగిందో తెలుసుకోకుండా రీసెట్ చేయడం రోగాన్ని వదిలేసి థర్మామీటరును కడగడమే.

పొగ కూడా సాక్ష్యమే. నల్లపొగ అంటే గాలి చాలడం లేదు లేదా లోడు ఎక్కువైంది. నీలంపొగ అంటే లూబ్ ఆయిల్ కాలుతోంది. వేడెక్కిన ఇంజిన్ నుంచి తెల్లపొగ వస్తే నీళ్లో, కాలని డీజిలో బయటకు పోతోందని అర్థం. పక్క లోకో పొగతో పోల్చి చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది.

ఇంజిన్ తిరుగుతున్నా లాగకపోతే?

అప్పుడు లోపం ఇంజిన్‌లో కాదు, శక్తిని చక్రాలకు చేర్చే దారిలో ఉంది. అధిక విద్యుత్ సర్క్యూట్‌లో కరెంటు లోకో ఒంటికి తగిలితే గ్రౌండ్ రిలే పడిపోతుంది. రీసెట్ చేసినా మళ్లీ పడితే కాలిన వాసన, పొగ ఉన్నాయేమో చూడాలి. ఏ మోటారు వల్ల పడుతోందో గుర్తించి దాన్ని విడదీయాలి. రైలు కదిలితే చాలని పదే పదే రీసెట్ చేస్తే మంటలను పిలిచినట్టే.

జెట్ బోటులోనూ ఇదే లెక్క

జంట ఇంజిన్లను పోల్చి చూసే ఈ సూత్రం నీళ్ల మీదా పనికొస్తుంది. జెట్ బోటును న్యూజిలాండ్‌కు చెందిన బిల్ హామిల్టన్ 1950ల్లో లోతులేని నదుల కోసం అభివృద్ధి చేశారు. 1977లో ఎడ్మండ్ హిల్లరీ బృందం బంగాళాఖాతం నుంచి గంగకు ఎదురు ప్రయాణించింది ఇలాంటి బోట్లలోనే. బోటు అడుగు నుంచి పీల్చిన నీటిని పంపు వెనక్కి చిమ్ముతుంది. రెండు ఇంజిన్లుంటే సాధారణంగా రెండు పంపులుంటాయి.

రెండు థ్రాటిళ్లూ ఒకేచోట పెట్టి చూడాలి. ఒక ఇంజిన్ చుట్లు రెండోదాని కంటే తగ్గితే మొదట ఆ ఇంజిన్‌నే అనుమానించాలి. చుట్లు పెరిగినా బోటు అటువైపే లాగేస్తుంటే తప్పు పంపుది: గడ్డీ ప్లాస్టిక్కూ అడ్డుపడి ఉండొచ్చు, గాలి పీలుస్తుండొచ్చు, ఇంపెల్లర్ అరిగి ఉండొచ్చు. రెండూ ఒకేసారి నీరసిస్తే ఉమ్మడి ఇంధనంలో నీళ్లు కలిశాయేమో చూడాలి. బోటులో ఇంకో సౌకర్యం ఉంది. అనుమానమున్న భాగాన్ని రెండో ఇంజిన్‌లోని అలాంటి భాగంతో మార్చి చూడొచ్చు. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. భాగంతోపాటు లోపమూ అవతలికి వెళ్తే దొంగ దొరికినట్టే. పంపు దగ్గర చెయ్యి పెట్టేముందు రెండు ఇంజిన్లూ ఆపాలి.

మంచి ఇంజిన్ దాచే జబ్బు

జంటగా నడపడంలో ఒక చిక్కుంది. ఒకటి నీరసిస్తే రెండోది మరింత భారం మోస్తుంది. రైలు నడుస్తూనే ఉంటుంది కాబట్టి లోపం ఎవరికీ తెలియదు. ఎత్తు ఎక్కేటప్పుడో చక్రాలు జారే వానలోనో అది బయటపడుతుంది. అప్పటికి మంచి లోకో మోటార్లు కూడా కాగిపోయి ఉంటాయి. అందుకే రెండు లోకోల లోడు మీటర్లూ, ఉష్ణోగ్రతలూ, ఒత్తిళ్లూ అన్నీ బాగున్నప్పుడే రాసిపెట్టాలి. రేపు తేడా కనిపించాలంటే ఈరోజు అంకె కావాలి.

బ్రాడ్‌గేజ్ మార్గాలు దాదాపు అన్నీ విద్యుదీకరణ అయ్యాయి. డీజిల్ లోకోల పని తగ్గిపోతోంది. పాత ఫిట్టర్లు, డ్రైవర్లు రిటైరవుతున్నారు. గేజీల అంకెలు పుస్తకాల్లో మిగులుతాయి. ముందు ఉమ్మడిదేదో, విడిదేదో తేల్చుకుని ఆ తర్వాతే పానా పట్టాలన్న క్రమం మాత్రం మనుషుల ద్వారానే అందుతుంది. దాన్ని కొత్తవాళ్లకు అప్పగించడానికి ఇదే సమయం.