విశాఖ రేవు – పనివారు

విశాఖపట్టణపు ఎదుగుదలకు సముద్రమొక్కటే చాలలేదు. 1931లో రాయపూరు–విజయనగరం రైలుమార్గము పూర్తియై, మధ్యపరగణాల మాంగనీసునకు తీరము చేరువైనది. 1933లో రేవు తెరువబడినది, ఎగుమతులు పెరిగెను. వర్తకులును, కూలిపని వెదకుకొనువారును అచటికి చేరిరి.

1941లో బాబూ రాజేంద్రప్రసాదు సింధియా నౌకానిర్మాణశాలకు శంకుస్థాపన చేసిరి. 1948 మార్చి 14న జవహర్‌లాల్ నెహ్రూ ‘జల ఉష’ను నీటిలోనికి విడిచిరి. ఆ ఓడ పేరు అందరమెరుగుదుము. కట్టినవారి పేర్లు మనలో ఎందరెరుగుదురు?

ఉక్కు కథయు ఇట్టిదే. 1966 ఉద్యమమున 32 మంది అసువులు బాసిరి. 1971లో కర్మాగారమునకు పునాదిరాయి పడినది. దానికై అనేక గ్రామములవారు తమ పొలములు విడిచిరి. 1992లో అది జాతికి అంకితమైనది.

నగరచరిత్ర వ్రాయువారు టన్నుల లెక్క ప్రక్కనే ఈ మనుష్యుల లెక్కయు వ్రాయవలెనని మా మనవి.