భయం పోగొట్టిన పంతులికి మెప్పు

వీధిబడి రోజుల్లో పంతులుగారి పనితనానికి దసరా పండుగకు లెక్క తేలేది. కొత్తబట్టలు కట్టి, చేతుల్లో రంగుకాగితాలు చుట్టిన విల్లంబులు పట్టిన పిల్లల్ని వెంటేసుకుని అయ్యవారు ఇంటింటికీ తిరిగేవారు. పిల్లలు పద్యాలు పాడితే ఆయనకు నాలుగు డబ్బులు, వాళ్లకు పప్పుబెల్లాలు. ఊరు మెచ్చేది ధారణను. ఎక్కాలు గడగడా అప్పజెప్పించగలిగితే పంతులు గట్టివాడే. ఆ గడగడల వెనక బెత్తం ఎన్నిసార్లు లేచింది, ఎవర్ని తాడుకు వేలాడదీసి కోదండం వేశారు అన్నది ఎవరికీ పట్టేది కాదు. కొట్టని పంతులికే చెడ్డపేరు.

దొరల ప్రభుత్వం ఈ మెప్పును పద్దుపుస్తకంలోకి ఎక్కించింది. ఇంగ్లండులో 1862లో రాబర్ట్ లో అనే ఆయన తెచ్చిన నిబంధనల ప్రకారం పిల్లలు పరీక్షలో నెగ్గినదాన్ని బట్టే బడికి గ్రాంటు. ఆ పద్ధతి మద్రాసు రాజధానికీ వచ్చింది. ఇన్‌స్పెక్టరు ఒక్కొక్కణ్ని నిలబెట్టి చదివించేవాడు, రాయించేవాడు, లెక్క చేయించేవాడు. బెదిరిపోయి నోరు పెగలని పిల్లవాడు ఉన్నాడంటే రావలసిన డబ్బుకు అంతమేర గండి. వాడిమీద పంతులికి జాలి పుట్టే ఏర్పాటు కాదిది. మన బడుల్లో పరీక్షభయం ఇంత లోతుగా పాతుకుపోవడంలో ఆ గ్రాంటు లెక్కకూ వాటా ఉందని నా అనుమానం.

ఈ లెక్కకు అడ్డం తిరిగినవాళ్లలో గిజుభాయి బధేకా ఒకరు. వకీలు పని మానుకుని 1916లో భావ్‌నగర్‌లోని దక్షిణామూర్తి విద్యాసంస్థలో చేరారు. 1920లో అక్కడే బాలమందిరం తెరిచారు. ఆయన రాసిన ‘దివాస్వప్న’ తెలుగులో ‘పగటి కల’గా వచ్చింది. అందులో మాస్టారు నాలుగో తరగతిని చేతికి తీసుకుంటాడు. మొదటిరోజే పిల్లలతో మౌనం ఆట ఆడించబోతే తరగతంతా గోలగోల! మర్నాడు ఆయన కథ మొదలెడతాడు, అల్లరిమూక చెవులు రిక్కించి కూర్చుంటుంది. కొత్త బోధన తొలిరోజు అభాసుపాలైందని దాచకుండా రాయడం నాకు ఆ పుస్తకంలో అన్నిటికన్నా నచ్చుతుంది. ఇప్పటి అవార్డు దరఖాస్తుల్లో ఆ తొలిరోజు ఎక్కడా కనిపించదు. గిజుభాయికి శిక్షలెంత గిట్టవో బహుమతులూ అంతే గిట్టవు. జనం మాత్రం ఆయనకు ‘మీసాల అమ్మ’ అని పేరు పెట్టుకున్నారు.

స్వతంత్రం వచ్చాక ఉపాధ్యాయులకు జాతీయ పురస్కారాలు 1958లో మొదలయ్యాయి. 1962 నుంచి సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టినరోజు, సెప్టెంబరు 5, గురుపూజోత్సవమైంది. పంతులికి గౌరవం దక్కింది, సందేహం లేదు. అయితే అప్పట్లో ఫైలు కదలాలంటే ఏళ్ల సర్వీసు ఉండాల్సి వచ్చేది, పై అధికారుల సిఫారసూ ఉండాల్సి వచ్చేది. పిల్లలు బడికి ఇష్టంగా వస్తున్నారా అని అడిగే గడి ఆ కాగితాల్లో ఉన్నా, దాని బరువు తక్కువే.

అసలైన మార్పు అవార్డుల వేదిక మీద కాక మదనపల్లె దగ్గర కొండల్లో జరిగింది. రిషివ్యాలీ బడి చుట్టుపక్కల పల్లెల్లో ఒకే గది, ఒకే మాస్టారు, అన్ని తరగతులూ కలిసి కూర్చునే బడులు పెట్టారు. 1980ల నుంచి అక్కడ పాఠ్యపుస్తకాన్ని విడగొట్టి కార్డులుగా చేశారు. ఒక్కో కార్డు మీద ఒక గుర్తుబొమ్మ. గోడకు నిచ్చెనలాంటి పట్టిక. పిల్ల తన మెట్టు చూసుకుని తన కార్డు తనే తీసుకుంటుంది. కొందరు మాస్టారి దగ్గర, కొందరు తోటివాళ్ల దగ్గర, ఇంకొందరు సొంతంగా నేర్చుకుంటారు. చేలో పనికో, మేకల వెంటో వెళ్లి వారం రోజులు రాని పిల్లవాడు తిరిగొస్తే ‘పాఠం అయిపోయింది’ అనే మాట వినపడదు. వదిలిన మెట్టు మీదే మళ్లీ కాలు పెడతాడు. వెనకబడ్డాననే సిగ్గుకు చోటే లేకుండా చేశారన్నమాట. ఇదంతా చూడ్డానికి 1995లో మైసూరు జిల్లా హెచ్.డి.కోటె నుంచి ప్రభుత్వ టీచర్లు వచ్చారు. తిరిగి వెళ్లి కన్నడంలో తమ కార్డులు తామే తయారు చేసుకున్నారు. కర్ణాటక ‘నలి కలి’ బోధనపద్ధతి అలా పుట్టింది. తర్వాత చెన్నై కార్పొరేషన్ బడులు, ఆ వెనక తమిళనాడు అంతటా ఇదే దారి. సాటి టీచర్లు చూసి, తమ తరగతిలోకి మోసుకుపోవడం కన్నా ఒక పంతులికి దక్కే గుర్తింపు ఇంకేం ఉంటుంది?

చట్టం తర్వాత వచ్చింది. బడిసంచీ బరువు గురించి యశ్‌పాల్ కమిటీ 1993లోనే చెప్పింది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్‌లో కొట్టడాన్నీ, మనసు నొప్పించే వేధింపునూ నిషేధించింది. 29వ సెక్షన్ ఇంకో అడుగు వేసి, పిల్లల్లో భయం, ఆందోళన లేకుండా చూడడాన్ని పాఠ్యప్రణాళికకే అప్పజెప్పింది. నూరుశాతం పాసైతే శాలువా కప్పే మన అలవాటు మాత్రం కదల్లేదు.

2018లో రెండు సంగతులు జరిగాయి. జులైలో ఢిల్లీ ప్రభుత్వ బడుల్లో నర్సరీ నుంచి 8వ తరగతి దాకా ‘హ్యాపీనెస్’ పీరియడు మొదలైంది. అందులో ధ్యానం, కథ, ముచ్చట ఉండేవి; పరీక్ష మాత్రం లేదు. అదే ఏడాది జాతీయ పురస్కారాల తీరు మారింది. మూడు వందలకు పైగా ఉండేవి 45కు తగ్గాయి. టీచరు సిఫారసు కోసం తిరగనక్కర్లేదు, తనే దరఖాస్తు చేసుకోవచ్చు. తను చేసిన ప్రయోగాలకు ఆధారంగా ఫొటోలు, వీడియోలు జతచేయాలి. మంచి మార్పే. అయితే రంగురంగుల బోధనోపకరణాలు ఫొటోలో బాగా పడతాయి, మాస్టారు గదిలోకి రాగానే ఉలిక్కిపడని పిల్లవాడు పడడు.

2020 డిసెంబరులో రంజిత్‌సింహ్ దిసాలేకు పదిలక్షల డాలర్ల గ్లోబల్ టీచర్ ప్రైజ్ వచ్చినప్పుడూ ఇదే జరిగింది. సోలాపూర్ జిల్లా పరితెవాడి బడిలో ఆయన పాఠ్యపుస్తకాలకు క్యూఆర్ కోడ్‌లు అతికించారని పత్రికలన్నీ రాశాయి. ఆయన మొదట చేసింది వేరు. అక్కడి పిల్లల ఇంటిభాష కన్నడం, బడిపుస్తకాల భాష వాళ్లకు అందేది కాదు. అందుకని పాఠాలను వాళ్ల భాషలోకి మార్చారు. బహుమతి ప్రకటించిన వెంటనే అందులో సగం, తనతోపాటు తుదిజాబితాలో నిలిచిన తొమ్మిదిమంది టీచర్లకు పంచుతానన్నారు.