ఆయుధ నిషేధం, కావలి బాధ్యత: ఫిలింనగర్ పేలుడు నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

1997 నవంబరు 19న హైదరాబాదులోని ఫిలింనగర్‌లో, రామానాయుడు స్టూడియో సమీపాన కారు బాంబు పేలి 26 మంది మరణించారు. 'శ్రీరాములయ్య' చిత్ర ప్రారంభోత్సవానికి వచ్చిన పరిటాల రవి ఆ దాడికి లక్ష్యం. ఆయన ప్రాణాలతో బయటపడ్డారు. ఆ వేడుకను చిత్రీకరించడానికి వచ్చిన ఈటీవీ సిబ్బంది మృతులలో ఉన్నారు. అనంతపురం జిల్లా పల్లెలలో పుట్టిన కక్ష, బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ కొండలమీద వెలసిన సినిమా పేట నడివీధికి వచ్చి పేలింది.

అదే నెలలో బ్రిటన్ పార్లమెంటు చేతి తుపాకుల నిషేధాన్ని పూర్తిచేసే రెండవ చట్టాన్ని తెచ్చింది. అంతకుముందు సంవత్సరం స్కాట్లండ్‌లోని డన్‌బ్లేన్ పాఠశాలలో ఒక వ్యక్తి లైసెన్సు ఉన్న తుపాకులతో 16 మంది పసిపిల్లలను, వారి ఉపాధ్యాయురాలిని చంపాడు. చట్టబద్ధమైన ఆయుధం అక్కడ ఘోరానికి కారణం కాగా, ఫిలింనగర్‌లో పేలిన పదార్థం ఏనాడో నిషిద్ధం. అనుమతి లేని పేలుడు పదార్థాలను దగ్గర ఉంచుకోవడమే నేరమని 1908 నాటి చట్టం చెబుతున్నది. తొంభై ఏళ్ళ నిషేధం ఆ 26 మందిని కాపాడలేదు. ఇంతమాత్రం చూసి నిషేధాలు వ్యర్థమని తేల్చేవారున్నారు. ఆ తీర్పు తొందరపాటు. నిషేధం ఎవరి చేతినుంచి ఆయుధాన్ని తీసుకున్నది, తీసుకున్న తరవాత ఆ మనిషికి కావలి ఎవరు కాశారు అన్న ప్రశ్నలను తెలుగునాట చరిత్రకు వేసి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

'కావలి' అనే మాటను ఇక్కడ పారిభాషికంగానే వాడుతున్నాను. 1800లో నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీకి దత్తమైన మండలంలో సుమారు 80 మంది పాళెగాళ్ళు ఉండేవారు. వారి కింద వేలాది సాయుధ భటులు. ఊళ్ళకు కావలి కాస్తామన్న హామీపై వారు రుసుము వసూలు చేసేవారు. రుసుము చెల్లించని ఊరిని దోచేదీ తరచుగా వారే. ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు చేసిన పనిలో ముఖ్యమైనది వారిని నిరాయుధులను చేయడం. అయితే ఆయన కత్తులు, తుపాకులు గుంజుకొని అంతటితో ఊరుకోలేదు. కొందరికి తవర్జీలు ఏర్పాటుచేశాడు, కావలి అధికారాన్ని సర్కారు పరం చేశాడు, రైతుతో నేరుగా శిస్తు ఒప్పందానికి దిగాడు. తరవాత 1816 నాటి మద్రాసు పోలీసు రెగ్యులేషన్ గ్రామపెద్దలకు, తలారులకు ఊరి కాపుదలలో చట్టబద్ధమైన స్థానం కల్పించింది. మన్రో మనసులో కంపెనీ శిస్తు ప్రయోజనమే ముందున్నదనడంలో సందేహం లేదు. అయినా పాళెగాని భటుడు మాయమైన చోట మరొక కావలిదారు, ఎంత లోపభూయిష్ఠమైనా, కనిపించాడన్నది వాస్తవం. ఆ ఒప్పందం చెడినప్పుడు ఏమవుతుందో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి ఉదంతం చూపింది. తవర్జీ వివాదం తిరుగుబాటుగా మారి, 1846లో కోయిలకుంట్ల ఖజానాపై దాడికి దారితీసింది. 1847 ఫిబ్రవరి 22న ఆయనను అక్కడే ఉరితీశారు.

1878 ఆయుధ చట్టం స్వభావం వేరు. లిట్టన్ హయాంలో వచ్చిన ఈ శాసనం భారతీయులకు లైసెన్సు తప్పనిసరి చేసి యూరోపియనులకు మినహాయింపు ఇచ్చింది. ప్రజలను నేరం నుంచి కాపాడడం దాని లక్ష్యం కాదు. ప్రజల నుంచి ప్రభుత్వాన్ని కాపాడడం లక్ష్యం. ఇటువంటి నిషేధం కింద తుపాకులు ఒకచోట పోగుపడతాయి, ఆ చోటే దాడికి గురి అవుతుంది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై వరుసగా పడి తుపాకులను, తూటాలను పట్టుకుపోయింది. మన్యంలో తుపాకులు దొరికే చోటు ఠాణాయే.

నిజాం రాజ్యంలో అసమానత మరింత స్పష్టం. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను బలిగొన్నవి విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకులు. ఎదుట నిలిచిన జనం చేతుల్లో ఉన్నవి కర్రలు, వడిసెలలు. తెలంగాణ సాయుధ పోరాటంపై వచ్చిన నవలలను, పాటలను అధ్యయనం చేసేవారికి ఇది కొత్త విషయం కాదు. అక్కడ గ్రామస్థుడు తుపాకీ పట్టడం ఎప్పుడూ ఒక మలుపుగానే వస్తుంది, దొర చేతిలో తుపాకీ మాత్రం గడీ గోడలాగే కథ మొదటినుంచీ ఉంటుంది. నిషేధం పైవాడిని తాకకుండా కిందివాడి చేతులు మాత్రమే కట్టేసినప్పుడు దానిని భద్రత అనలేము.

స్వతంత్ర భారతం 1959లో ఈ చట్టాన్ని తిరగరాసింది. జాతి భేదం పోయింది. లైసెన్సు అందరికీ తప్పనిసరి అయింది. రాయలసీమ దృష్ట్యా మాత్రం ఆ చట్టపు నిర్వచనాల భాగమే ఆసక్తికరం. కేవలం ఇంటి అవసరానికో వ్యవసాయానికో తయారైన వస్తువులు, ఉదాహరణకు లాఠీ, మామూలు చేతికర్ర, 'ఆయుధం' కిందికి రావు. తొమ్మిది అంగుళాలకు మించిన పొడవు లేదా రెండు అంగుళాలకు మించిన వెడల్పు ఉన్న కత్తులు ఆయుధాల పట్టికలో ఉన్నాయి గాని, అక్కడా వ్యవసాయ పనిముట్లకు మినహాయింపు ఉంది. ఈ మినహాయింపు లేకపోతే దేశంలో ప్రతి రైతూ నేరస్థుడే. సీమ కక్షలలో ప్రధాన సాధనాలు రెండు: వేటకొడవలి, నాటుబాంబు. మొదటిది పొలం పనిముట్టుకు దగ్గరి చుట్టం, రెండవది సంపూర్ణంగా నిషిద్ధం. చట్టం ఒకదానిని దాదాపు వదిలేసింది, మరొకదానిని పూర్తిగా కాదన్నది. కక్ష రెండింటినీ సమానంగా వాడుకున్నది. వస్తువును బట్టి మాత్రమే హింసను అదుపుచేయలేమనడానికి ఇంతకంటె దగ్గరి నిదర్శనం అవసరం లేదు.

ఫిలింనగర్ పేలుడు తరవాతి పరిణామాలు ఈ మాటకు మరింత బలం చేకూరుస్తాయి. 2005 జనవరి 24న పరిటాల రవి అనంతపురంలో తమ పార్టీ కార్యాలయం వద్ద తుపాకీ కాల్పులలో హతుడయ్యారు. ఆ హత్యకేసులో నిందితుడు మొద్దు శీను 2008 నవంబరులో అనంతపురం జైలులో తోటి ఖైదీ చేతిలో చనిపోయాడు. కారు బాంబు కేసులో యావజ్జీవ శిక్ష పడి, తరవాత విడుదలైన మద్దెలచెరువు సూరి 2011 జనవరి 3న హైదరాబాదులో తన కారులోనే, తన అనుచరుని తుపాకీకి బలయ్యాడు. ఈ మూడింటిలో జైలు హత్య ప్రత్యేకంగా ఆలోచించదగినది. ఆయుధ నిషేధం అక్షరాలా అమలయ్యే స్థలం ఏదైనా ఉంటే అది జైలు. అక్కడ వ్యాయామానికి వాడే డంబెల్ ఆయుధమైంది. జైలులో ఖైదీకి తనను తాను కాపాడుకునే సాధనం ఏదీ ఉండదు గనుక కావలి బాధ్యత పూర్తిగా రాజ్యానిదే. విఫలమైనది ఆ కావలి. దానిని నిషేధం ఖాతాలో వేయడం సరికాదు.

అలాగని నిషేధాన్ని కొట్టిపారేయడానికి వీలులేదు. పథకం వేసి, మనుషులను కూర్చుకొని, సామగ్రి సేకరించే హింస వేరు. క్షణికావేశంలో చేయి చేసుకునే హింస వేరు. రెండవదానిలో, చేతికి ఏది అందుతుందన్నదే ప్రాణానికీ గాయానికీ మధ్య తేడా. తెలుగువారికి దీని ఉదాహరణ సముద్రాల ఆవల ఉంది. 2017 ఫిబ్రవరి 22న అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం ఓలేతాలో, ఒక బార్‌లో ఇద్దరు భారతీయులను దూషించిన వ్యక్తిని అక్కడివారు బయటికి పంపారు. అతడు కొద్దిసేపట్లో తుపాకీతో తిరిగివచ్చి కాల్చాడు. హైదరాబాదు నుంచి వెళ్ళిన ఇంజనీరు మరణించాడు. మిత్రుడు, అడ్డుపడబోయిన ఒక అమెరికన్ గాయపడ్డారు. కాన్సాస్‌లో 2015 నుంచి తుపాకీని దాచి వెంట తీసుకెళ్ళడానికి అనుమతిపత్రం కూడా అక్కరలేదు. ఆ ద్వేషాన్ని ఏ ఆయుధ చట్టమూ మాన్పలేదు, నిజమే. కాని బార్ గుమ్మానికీ తుపాకీకీ మధ్య దూరం అంత తక్కువగా ఉండకపోతే, ఆ రాత్రి ఘర్షణ ఘర్షణగానే ముగిసేందుకు అవకాశం ఉండేది. బ్రిటన్‌లో నిషేధం వచ్చిన తొలి ఏళ్ళలో తుపాకీ నేరాలు తగ్గకపోగా పెరిగాయి. పోలీసు చర్యలు తోడై, అవి తగ్గుముఖం పట్టింది 2000ల దశకం మధ్యనుంచి. ఈ ఆలస్యాన్ని నిషేధ వ్యతిరేకులూ సమర్థకులూ తలా సగం మాత్రమే ఉదహరిస్తారు.

మన దేశంలో తుపాకీ హత్యలలో అత్యధికం లైసెన్సు లేని తుపాకులతోనే జరుగుతున్నట్లు జాతీయ నేర గణాంకాలు చెబుతున్నాయి. అంటే లైసెన్సు షరతులను ఎంత బిగించినా ఆ వాటాపై ప్రభావం పరిమితం. అక్కడ కావలసింది తయారీ, రవాణా దారులను మూయడం, సాక్షులు కోర్టులో నోరు విప్పగల స్థితి కల్పించడం. కక్షల కేసులు వీగిపోవడానికి సాక్షుల భయమే ప్రధాన కారణమన్నది సీమ రాజకీయాలు తెలిసినవారందరూ ఎరిగినదే.

సాహిత్య విద్యార్థులకు ఇక్కడ ఒక పక్కమాట. 26 మంది మరణించి పధ్నాలుగు నెలలు గడవకముందే, 1999 సంక్రాంతికి 'సమరసింహారెడ్డి' విడుదలైంది. తరవాత 'నరసింహనాయుడు', 'ఆది', 'ఇంద్ర'. ఈ చిత్రాలు హింసను పెంచాయా లేదా అన్న వాదులాటకంటె వాటిలోని కావలి భావన పరిశోధనార్హం. ఊరిని కాపాడేది నాయకుని కత్తి, పోలీసులు నిస్సహాయులు లేదా దుష్టులు. మన్రో రద్దుచేసిన పాళెగాని ఒప్పందం వెండితెరమీద మళ్ళీ అమలులోకి వచ్చింది. అది తయారైన చోటు ఫిలింనగరే.

తెర వెలుపలా ఆ ఒప్పందం పూర్తిగా పోలేదు. ముఠా కక్షలలో పేరుపడిన నాయకులకు ప్రభుత్వమే సాయుధ అంగరక్షకులను ఇచ్చిన సందర్భాలున్నాయి. పరిటాల రవికీ గన్‌మెన్లు ఉండేవారు. లైసెన్సు తుపాకీ అవసరానికంటె హోదాకు గుర్తుగా మారిన వర్గాలు ఉన్నాయి. 2019 సవరణ ఒక వ్యక్తి ఉంచుకోగల తుపాకులను మూడు నుంచి రెండుకు తగ్గించింది. మూడవదానిని పోలీసులకో అధీకృత వ్యాపారికో అప్పగించమన్నది. తొలినుంచీ లైసెన్సు అడగడానికి వెళ్ళనివాని తుపాకీకి ఆ సవరణలో గడువు లేదు, లెక్క లేదు.