నలభై వేల డాలర్ల లెక్క

ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ ‘సైకో’ 1960 జూన్‌లో న్యూయార్క్‌లో విడుదలయింది. అంతవరకు అమెరికాలో సినిమా మధ్యలో హాల్లోకి వెళ్ళి, తాము చూడడం మొదలుపెట్టిన ఘట్టం తర్వాతి ఆటలో మళ్ళీ వచ్చేదాకా కూర్చుని లేచిపోయే అలవాటు చాలామందికి ఉండేది. ఈ బొమ్మ మొదలయ్యాక ఎవరినీ లోపలికి పంపరాదని హిచ్‌కాక్ హాళ్ళవారికి షరతు పెట్టాడు. కథానాయిక అనుకున్న జానెట్ లీ పాత్ర 109 నిమిషాల బొమ్మలో సగం కాకుండానే హత్యకు గురవుతుంది మరి!

ఈ కథ మీద పారామౌంట్ సంస్థకు నమ్మకం లేకపోయింది. హిచ్‌కాక్ పారితోషికం వదులుకుని, వాటా ఒప్పందం మీద తన సొమ్మే పెట్టాడు. తన టెలివిజన్ సిబ్బందితో, నలుపు తెలుపుల్లో, సుమారు 8 లక్షల డాలర్లలో ముగించాడు. స్నానాలగది హత్య ఒక్కదానికే ఏడు రోజులు పట్టింది. అక్కడ నెత్తురుగా పారింది చాక్లెట్ పాకం.

బి.కాం. చదివే రోజుల్లో బరంపురంలో ఒక మిత్రుని ఇంట వీడియో కేసెట్టు మీద దీన్ని మొదట చూశాను. కత్తీ, కేకా గుర్తుండిపోయాయి. ముప్పై ఏళ్ళు బ్యాంకులో గడిపాక ఈమధ్య మళ్ళీ చూశాను. ఈసారి కళ్ళు డబ్బు వెంట పోయాయి.

మారియన్ అనే ఉద్యోగినికి యజమాని శుక్రవారం మధ్యాహ్నం 40,000 డాలర్ల నగదు ఇచ్చి బ్యాంకులో భద్రపరచమంటాడు. ఆమె దానితో పారిపోతుంది. దారిలో తన కారిచ్చి, పైన 700 డాలర్లు కట్టి వేరే కారు తీసుకుంటుంది. రాత్రి నార్మన్ బేట్స్ నడిపే మోటెల్‌లో దిగుతుంది. అతనితో మాట్లాడాక మనసు మారుతుంది. గదిలో కూర్చుని 40,000లోంచి 700 తీసివేసి లెక్క చూసుకుంటుంది. ఆ కాగితం చింపి మరుగుదొడ్డిలో పారేసి, స్నానానికి వెళ్తుంది.

కత్తికంటె ఆ తీసివేతే ఇప్పుడు నన్ను ఎక్కువ కలవరపెట్టింది. తిరిగి కట్టెయ్యాలని నిశ్చయించుకున్న మనిషిని మృత్యువు పట్టుకుంది. నార్మన్‌కు ఆ సొమ్ము సంగతే తెలియదు. వార్తాపత్రికలో చుట్టిన నోట్లను చెత్తతోపాటు కారులో పడేసి, శవంతో సహా ఊబిలో ముంచుతాడు. వెతకవచ్చినవారు మాత్రం అన్నిటికీ మూలం డబ్బే అనుకుంటారు. ఆమె తోబుట్టువుకు చివరకు ఆ కాగితం ముక్క దొరుకుతుంది. మారియన్ ఇక్కడికి వచ్చిందనడానికి అది రుజువంటారు. ఆమె తిరిగి వెళ్ళబోయిందని అందులో ఎవరూ చదవలేకపోయారు.

మా కొలువులోనూ అంతే. క్యాషు చూసే మనిషి చెప్పకుండా రెండు రోజులు రాకపోతే ముందు క్యాషు లెక్కపెడతాం. మనిషికి ఏమయిందన్న ప్రశ్న ఆ తర్వాత వస్తుంది. తరుగు ఎంతో లెక్క చెబుతుంది. ఆ తరుగు పూడ్చడానికి ఎవరు దారి వెతుక్కున్నారో అందులో ఉండదు.

బొమ్మ చివర గొలుసు కట్టి కారును ఊబిలోంచి పైకి లాగుతారు. లోపల సొమ్ముంది, 700 తక్కువగా. ఆ 700 తానే కట్టాలనుకున్న మనిషి మాత్రం లోకం దృష్టిలో దొంగగానే మిగిలిపోయింది.