రెండు కుర్చీలు, 24 నెలలు: టంగుటూరి ప్రకాశం కథ

మార్కాపురం, గిద్దలూరు, కంభం నుంచి చూస్తున్న మనవాళ్ళకి ఇవాళ ఒక ప్రశ్న. ప్రకాశం పంతులు గారనగానే మీకేం గుర్తొస్తుంది? నూటికి తొంభై మంది ఒకటే చెప్తారు: తుపాకీకి గుండె చూపించాడు అని. నిజమే. 1928 ఫిబ్రవరి 3న, మద్రాసులో, సైమన్ కమిషన్ బహిష్కరణ రోజున జరిగింది. ప్యారిస్ కార్నర్ దగ్గర పోలీసు కాల్పుల్లో చనిపోయిన మనిషిని చూడ్డానికి వెళ్తుంటే ఆపారు. ఆయన చొక్కా తీసి కాల్చమన్నారు. ఆంధ్రకేసరి అయ్యారు.

కానీ అది ఒక్క రోజు. ఆయన అసలు ఖరీదు కట్టింది అధికారంలో ఉన్నప్పుడు. ఇవాళ ఆ కథ చెప్పుకుందాం.

ముందు నేపథ్యం క్లుప్తంగా. 1872 ఆగస్టు 23న వినోదరాయునిపాలెంలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోతే, తల్లి సుబ్బమ్మ గారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పెంచారు. ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారనే మాస్టారు రాజమండ్రి తీసుకెళ్ళి చదివించారు. అదే ఊళ్ళో ప్లీడరు, తర్వాత మున్సిపల్ ఛైర్మన్. లండన్‌లో బారిస్టరు చదివి 1907లో తిరిగొచ్చి మద్రాసులో బాగా సంపాదించారు. 1921లో గాంధీజీ పిలుపుతో ప్రాక్టీసు వదిలేశారు. ‘స్వరాజ్య’ పత్రిక పెట్టి, సంపాదించిందంతా దాంట్లో పోశారు.

అమెరికాలో అలెగ్జాండర్ హామిల్టన్ ఉన్నాడు కదా. చిన్నప్పుడే తల్లిని పోగొట్టుకుని, లాయరై, 1801లో పత్రిక పెట్టి, చివరికి అప్పులు మిగిల్చి పోయాడు. ఆయన్ని అక్కడ నోట్ల మీద అచ్చేశారు. మనం మన మనిషిని జిల్లా పేరు చేశాం, కథ మాత్రం మర్చిపోయాం.

ఇప్పుడు మొదటి కుర్చీ. 1946లో గాంధీజీ రాజాజీ వైపు మొగ్గారు. అయినా మద్రాసు కాంగ్రెస్ శాసనసభ్యులు ప్రకాశాన్నే ఎన్నుకున్నారు. కొన్ని ఊళ్ళను ఒక ఫిర్కాగా కలిపి బాగుచేసే పథకం తెచ్చారు. బట్టల మిల్లులు పెంచొద్దు, ఖాదీ నేయించాలి అన్నారు. అది నడిచే పనేనా అంటే, నాకూ అనుమానమే. కానీ మిల్లు యజమానులు ఎంత గట్టివాళ్ళో తెలిసీ చెప్పారు చూడండి, అక్కడుంది విషయం. 1947 మార్చిలో సొంత పార్టీ వాళ్ళే దించేశారు. పదకొండు నెలలు.

రెండో కుర్చీ మనకి ఇంకా దగ్గర. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. రాజధాని కర్నూలు. అప్పట్లో మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోవే! అంటే తొలి ముఖ్యమంత్రి కూర్చున్నది మన జిల్లా కేంద్రంలో. ఆఫీసులకి బిల్డింగులు చాలక గుడారాలు వేశారు. ఆయన వయసు 81.

ఆ గుడారాల్లోంచే జరిగిన పని చూడండి. 1952 వరదకి తెగిన బెజవాడ పాత ఆనకట్ట స్థానంలో కొత్త బ్యారేజీ మొదలైంది. 1954లో తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, గుంటూరులో హైకోర్టు వచ్చాయి. ఇంతలో మద్యనిషేధం గొడవ. నిషేధం ఎత్తేయమని రామమూర్తి కమిటీ చెప్పింది, ప్రభుత్వం ఒప్పుకోలేదు. 1954 నవంబరులో అవిశ్వాసం. ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. పదమూడు నెలలు.

రెండూ కలిపితే 24 నెలలు. ఒక ఎమ్మెల్యే పదవీకాలంలో సగం కూడా కాదు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు మేము అనుకునేవాళ్ళం, ప్రాజెక్టులో ఎన్నాళ్ళున్నావు అని కాదు, నువ్వెళ్ళాక ఏది నడుస్తోంది అని చూడాలని. ఆ లెక్కన చూస్తే, 1957లో బ్యారేజీ పూర్తయింది. అదే ఏడాది మే 20న, వడదెబ్బ తగిలి, హైదరాబాదులో ఆయన పోయారు. ఆస్తి ఏమీ మిగల్లేదు. బ్యారేజీకి ఆయన పేరే పెట్టారు.

1970లో ఒంగోలు జిల్లా ఏర్పడితే కర్నూలు నుంచి మన తాలూకాలు అందులోకి వచ్చాయి. 1972లో, ఆయన పుట్టి నూరేళ్ళయ్యాక, దానికి ప్రకాశం పేరు వచ్చింది. మీ పిల్లలు ఆయన గురించి అడిగితే గుండె చూపించిన కథ తప్పకుండా చెప్పండి. దాంతోపాటు ఆ ఒక్క ఓటు కథ కూడా చెప్పండి. తుపాకీ ముందు నిలబడ్డం ఒక ధైర్యం, కుర్చీ పోతుందని తెలిసీ మాట మార్చకపోవడం ఇంకో ధైర్యం.