పాత ఆటలు: ఆస్తి ఎవరిది? ఆయుష్షు పోసింది ఎవరు?

సాహిత్య విమర్శ పత్రికలో కంప్యూటర్ ఆటల ప్రసక్తి ఏమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. పాత ఆటలను మళ్లీ ఆడటం చిన్ననాటి జ్ఞాపకాల మోజు తప్ప మరేమీ కాదని కూడా అనవచ్చు. కాని వొక కళారూపం ఎవరి శ్రమతో పుట్టింది, ఎవరి ఆస్తి అయింది, చివరకు ఎవరి చేతుల్లో బతికింది అన్న ప్రశ్నలను విమర్శకుడు తప్పించుకోలేడు. బొమ్మల అడ్వెంచర్ ఆటల చరిత్రను యీ దృష్టితోనే పరిశీలించాలి.

యీ ఆటలకు తల్లి వంటి 'కొలోసల్ కేవ్ అడ్వెంచర్'లో బొమ్మలు లేవు, మాటలే వున్నాయి. అమెరికాలోని కెంటకీ గుహల్లో తిరిగిన అనుభవంతో విల్ క్రౌథర్ 1970ల మధ్యకాలంలో దాన్ని రాశాడు. 1977లో డాన్ వుడ్స్ దాన్ని పెంచాడు. దానికి వెల లేదు. వొక కంప్యూటర్ కేంద్రం నుంచి మరొకదానికి చేతులు మారుతూ పోయింది. దాన్ని ఆడి ముగ్ధురాలైన రొబెర్టా విలియమ్స్, భర్త కెన్‌తో కలిసి 1980లో 'మిస్టరీ హౌస్' తయారుచేసింది. తెరపై గీతల బొమ్మ. కింద ఆటగాడు వొకటి రెండు మాటలు టైపు చేయాలి. వారి సంస్థే తరువాత సియెర్రా అయింది. 1984లో వచ్చిన 'కింగ్స్ క్వెస్ట్'లో రూపం కొత్తదే గాని వస్తువు పాతదే: మూడు నిధులు తెచ్చిన వీరుడు రాజవుతాడు.

1987లో లూకాస్‌ఫిల్మ్ సంస్థ 'మేనియాక్ మాన్షన్' విడుదల చేసింది. ఆటగాడు టైపు చేయనక్కరలేదు. తెర మీది పదిహేను క్రియాపదాల్లో వొకటి ఎంచుకుంటే చాలు. ఆటను యంత్రభాషలో రాసే శ్రమ తగ్గించుకోటానికి రాన్ గిల్బర్ట్, అతని సహచరులు 'స్కమ్' అనే పరికరాన్ని తయారుచేశారు. కథ, బొమ్మలు, సంభాషణలు వొక వైపు. వాటిని చదివి నడిపించే ప్రోగ్రామ్ మరొక వైపు. యీ విభజనను పాఠకులు గుర్తుంచుకోవాలి. అదే పద్ధతిలో 1990లో వచ్చిన 'మంకీ ఐలండ్'లో కత్తియుద్ధం గెలిచేది కండబలంతో కాదు, ఎదుటివాడి ఎత్తిపొడుపుకు సరైన జవాబు చెప్పటంతో.

కాని సరుకుగా మారిన కళ సరుకుల గతే పట్టింది. 1996లో సియెర్రాను సి.యు.సి. అనే కంపెనీ కొన్నది. 1998లో ఆ కంపెనీ లెక్కల మోసం బయటపడింది. 1999లో ఓక్‌హర్స్ట్‌లోని సియెర్రా పాత కార్యశాల మూతపడింది. 2012లో లూకాస్‌ఫిల్మ్‌ను కొన్న డిస్నీ, మరుసటి యేడు అక్కడ ఆటల తయారీని నిలిపివేసింది. యీలోగా యంత్రాలు మారాయి. పాత డిస్కులు కొత్త యంత్రాల్లో నడవకుండా పోయాయి.

అప్పుడు ఆటగాళ్లే పూనుకున్నారు. 2001లో మొదలైన 'స్కమ్‌వీఎమ్' వారి సమష్టి కృషి. కథను నడిపించే ప్రోగ్రామ్ వేరుగా వున్నది కనుక దాన్ని మాత్రం కొత్తగా రాస్తే పాత కథ ఏ యంత్రంలోనైనా నడుస్తుంది. యజమాని శ్రమ ఆదా కోసం చేయించిన విభజనే, యజమాని వదిలేసిన కళను బతికించే సాధనమైంది. చరిత్రలో గతితర్కం పనిచేసే తీరు యిదే.

1994లో బ్రిటన్‌లో రివల్యూషన్ సంస్థ తెచ్చిన 'బినీత్ ఎ స్టీల్ స్కై'ని చూడండి. అందులోని నగరంలో కార్మికులు పొగకమ్మిన పై అంతస్తుల్లో, సంపన్నులు నేల మీద వుంటారు. వర్గ విభజనను మాటల్లో చెప్పకుండా లిఫ్టు ప్రయాణంతో చూపిన ఆట అది. దాన్ని 2003లో ఆ సంస్థే ఉచితంగా విడుదల చేసింది. దాని మూలరచనను స్కమ్‌వీఎమ్ వారికి అందించింది. యీనాడు దాన్ని ఎవరైనా ఆడవచ్చు.

అయితే దీనికి మరొక ముఖమూ వుంది. జీతంలేని యీ శ్రమ ఫలితాన్ని జతచేసి పాత ఆటలను మళ్లీ అమ్ముకుంటున్న వ్యాపారులు వున్నారు. అభిమానుల ఔదార్యం మీదే వొక సంస్కృతి భవిష్యత్తు ఆధారపడటం న్యాయం కాదు. పుస్తకాల వలెనే యీ ఆటలనూ భద్రపరచే బాధ్యత గ్రంథాలయాలది, విశ్వవిద్యాలయాలది. మనం పాత ఆటను మళ్లీ ఆడటం గతంలోకి పారిపోవటం కాదు. ఆ బాధ్యతను అడగటానికి మొదటి మెట్టు. అడగాలంటే ముందు ఆ ఆట విలువ మనకు తెలియాలి గదా!